గుర్రమన్న మాట

సముద్రపు చుక్కవై, దారి తప్పిన నావలకు దిక్కు చూపే కార్మెలు మాతా, నీకు నమస్కరిస్తున్నాను. నలభై ఏళ్లు లాటిను ఛందస్సు నేర్పి నేర్పి నా నాలుక అలంకారాలకు అలవాటు పడింది. ఈ ఒక్క కథలో మాత్రం దానికి అలంకారాలు అందనీయకు. జరిగినది జరిగినట్టు పలికించు. వినేవారి చెవులను నా చెవుల కంటె చురుకుగా ఉంచు.

నియంత మరణించిన తరువాత తొమ్మిదో వేసవి అది. దేశమంతటా పిల్లలు జుట్టుకు రంగులు పూసుకుని, మేము గుసగుసగా చెప్పుకున్న మాటలను వీధుల్లో పాడుతున్న కాలం. నా కొడుకు బ్రెయిషో వీగో రేవులో ఒక పాత చేపల గోదాములో డ్రమ్ములు వాయించేవాడు. వాడు పుట్టినప్పుడు మా గలీసియా భాషలో పేరు పెట్టుకునే వీలు లేదు. సర్కారు కచేరీ పుస్తకంలో వాడు వెరీసిమో. ఇంట్లో, అదీ తలుపులు మూసుకుని, బ్రెయిషో. ఇరవై రెండేళ్లు.

ఒక మాట అర్థం ముందే చెప్పవలసి ఉంది. రేవులోని కుర్రకారు ఆనాడు హెరాయిన్‌ను 'గుర్రం' అనేవారు. పడవల్లో దిగి, పొట్లాలుగా చీలి, సూదుల్లో ఎక్కి, ఒక్కొక్క వీధిని తుడిచిపెడుతున్న ఆ మందుకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. వీగోలో పదిహేనేళ్ల పిల్లకు సైతం తెలిసిన ఆ అర్థం నాకు తెలియదు.

తెలియకపోవడానికి కారణమూ లేకపోలేదు. మా సాన్ మామెదె కొండ మీద తిరిగే అడవి గుర్రాలు ఎవరి సొత్తూ కావు, అవి కొండకు పేరిచ్చిన పునీతుడివి. జూలై మొదటి శనివారం ఊరు ఊరంతా కొండెక్కి, వాటిని రాతిదొడ్డిలోకి తోలుకువచ్చి, జూలు కత్తిరించి మళ్లీ వదిలిపెడుతుంది. తాడు వాడకూడదు, కర్ర ముట్టకూడదు. ఒక్కొక్క గుర్రానికి ముగ్గురు మనుషులు, వట్టి చేతులు. ఒకడు మీదికి దూకి మెడను కావలించుకుంటాడు. ఒకడు తలను, మరొకడు తోకను పట్టి నిలుపుతారు. ఆ దూకేవాడు మా ఇంటివాడు. మా తాత దూకాడు, మా నాన్న దూకాడు, నేనూ దూకాను. బ్రెయిషో పద్దెనిమిదో ఏట ఒక్కసారి దూకి, పట్నం వెళ్లిన తరువాత మానేశాడు. మా ఊళ్లో గుర్రమంటే గుర్రమే.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం నేను ద్రాక్ష పందిరికి మైలుతుత్తం నీళ్లు చల్లుతున్నాను. చేతులు మోచేతుల దాకా నీలం. పన్నెండు గంటల బస్సు దిగి ఒక అమ్మాయి గేటు దగ్గర నిలబడింది. తల ఒక పక్క గొరిగించుకుంది. ఆ ఎండలోనూ నల్ల తోలు కోటు.

"ఒదిలో మాస్టారంటే మీరేనా? నా పేరు సబేలా. బ్రెయిషో వాళ్ల బ్యాండులో పాడతాను."

"పాడతావా, అరుస్తావా?"

"రెండూనూ."

"ఇంతకీ మీ బ్యాండు పేరేమిటి?"

"నోర్ముయ్."

"నన్నేనా?"

"అయ్యో, కాదు మాస్టారూ! పేరే అది. బళ్లో మమ్మల్ని అందరూ అన్న మాట అదేగా, అందుకని పెట్టుకున్నాం."

నవ్వాను. ఆ మాట నేనూ చాలాసార్లు అన్నవాణ్ణే. ఆమె నవ్వలేదు. వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. మా కాలపు భయం ఈ పిల్లలకు ఎవరు నేర్పారో తెలియదు కాని, ముఖ్యమైన మాట వచ్చేసరికి వాళ్లు కూడా మాలాగే గొంతు తగ్గించేవారు.

"బ్రెయిషో గుర్రం మీదున్నాడు మాస్టారూ."

"నిజంగా? ఎప్పటినుంచి?"

"క్రిస్మస్ నుంచి. మొదట్లో ఆదివారాలే. ఇప్పుడు రోజూ."

"రోజూనా!"

నా ఆనందం నా ముఖంలో కనిపించే ఉంటుంది. పట్నం అంచున ఎవరిదో గుర్రపుశాలలో పని దొరికింది కాబోలు, పునీతుడు వాణ్ణి వదల్లేదనుకున్నాను.

"దిగలేకపోతున్నాడు. నేను చెప్తే వినట్లా. మీరు చెప్తే వింటాడేమోనని వచ్చాను."

"మా ఇంట్లో ఎక్కినవాడెవడూ దిగలేదమ్మా. మా నాన్నకి రెండు పక్కటెముకలు విరిగాయి, అయినా దిగాడా?"

ఆమె ముఖంలో నెత్తురు లేదు. "మీకు నవ్వొస్తోందా?"

"నవ్వు కాదు, సంతోషం. చల్లని కబురు తెచ్చావు. లోపలికి రా, మా ఆవిడ ఎర్మితా రొట్టె పెడుతుంది."

"వద్దు. నేను ఇంకెప్పుడూ రాను."

తిరుగు బస్సు రెండింటికి గాని లేదు. అంతసేపూ ఆమె మండుటెండలో రోడ్డు పక్కన కూర్చుంది. ప్రేమికుల తగాదా అనుకున్నాను. ఏ గుర్రమని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. కాని మా తరంలో వచ్చినవాడు చెప్పినంత విని ఊరుకునేవాళ్లం. మొదటి ప్రశ్న మర్యాద కోసం అడిగేవాళ్లం. రెండో ప్రశ్న అడిగితే, సమాధానం తెలిసినవాడవుతావు. తెలిసినవాణ్ణి పోలీసులు పిలిపిస్తారు. నలభై ఏళ్లు అలా బ్రతికిన మనిషికి నియంత పోయినంత మాత్రాన నాలుక తిరగదు.

జూన్ ఇరవైన బ్రెయిషో ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. పొడుగు చేతుల చొక్కాకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. కొన్నాళ్లుంటానన్నాడు. మరునాటి నుంచి వణుకు, చెమటలు, కక్కు. కాళ్లు మంచానికేసి తన్నుకునేవాడు. వేసవి జలుబు ముదిరిందనుకున్నాను. ఎర్మితా కోడిపులుసు కాచి చెంచాతో పోసేది. నేను పక్కన కూర్చుని జపమాల తిప్పేవాణ్ణి. మూడోనాడు వాడు నా చేయి పట్టుకుని, "ఆపకు నాన్నా. అర్థం కాకపోయినా ఆ లాటిను వింటుంటే బావుంది," అన్నాడు. చిన్నతనంలో ఆ లాటిను వినలేక కిటికీలోంచి దూకి పారిపోయినవాడు! నేను గొంతు పోయేదాకా చదివాను.

ఎనిమిదోనాడు లేచి కూర్చుని వేయించిన కవళ్ల చేపలు, మొక్కజొన్న రొట్టె అడిగాడు. ఎర్మితా పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. ఆ సాయంత్రం పొరుగింటి ఫిర్మీనో వచ్చాడు. మా ఊరి గుర్రాల పెద్ద అతడే. ముందరి పళ్లు రెండూ ఒక గుర్రం డెక్క తీసుకుపోయింది.

"ఏరా పట్నపోడా, చెవికి ఆ రింగేంట్రా? నిన్ను గూడా పునీతుడి మందలో కలిపి గుర్తేశారా ఏంటి?"

"నీ పళ్లు రాలగొట్టిన గుర్రం నాకు మేనత్తలే మావా. నన్ను కొంచెం చూసి మాట్లాడు."

"అబ్బో, నోరు మాత్రం లేచింది! పై శనివారం దూకుతావా మరి? మీ నాన్న దూకుతానంటే నడ్డి విరుగుద్ది, నేను దూకుతానంటే మా ఆవిడ కొడుద్ది."

"చూద్దాంలే మావా," అన్నాడు బ్రెయిషో.

ఆ మాట నాకు ఔనన్నట్టే వినిపించింది. ఫిర్మీనోకు అప్పటికప్పుడే మాట ఇచ్చేశాను.

మరునాడు పునీత పేతురు పండుగ. పూజ ముగించుకుని వచ్చి నేనూ బ్రెయిషో పందిరి కింద బల్ల మీద కూర్చున్నాం. ఎర్మితా గడప మీద బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నది. ఎండకు తాళలేక వాడు చేతులు పైకి మడిచాడు. మోచేతి లోపలి మడతలో చుక్కలు చుక్కలుగా నల్లని మచ్చలు, చుట్టూ పసుపు పచ్చగా కమిలిన చర్మం. నేను చూడడం వాడు చూశాడు. దాచుకోలేదు.

జోరీగ కాట్లు అనుకున్నాను. గుర్రాల వెంట తిరిగేవాడికి అవి తప్పవు. నా చేతులకూ ఉండేవి. లేచి వెళ్లి వెనిగర్ గుడ్డ తెచ్చి అద్దాను. వాడు చేయి చాచి, పసివాడిలా ఊరుకున్నాడు.

"నాన్నా, నీకు తెలుసా?"

"ఏది?"

"గుర్రం సంగతి."

"తెలియకేం? సబేలా వచ్చి చెప్పింది."

వాడు నా ముఖంలోకి చూశాడు. "తెలిసీ ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అన్లేదా?"

"ఏమనాలిరా? నీ వయసులో నేను మాత్రం ఎక్కలేదా?"

 వాడు నవ్వాడు. మొదట ముక్కుతో, ఆ పైన కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా. ఆ నవ్వు చూసి నాకూ నవ్వు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా తండ్రీ కొడుకులం ఒకరి భుజం మీద ఒకరం చేయి వేసుకుని నవ్వుకున్నాం.

తేరుకుని వాడు మెల్లగా అన్నాడు: "దిగిపోదామనుకుంటున్నా నాన్నా. తొమ్మిది రోజులైంది. నువ్వు పక్కనుంటే దిగిపోగలనేమో."

పట్నపు గుర్రపుశాల విడిచి తొమ్మిది రోజులైందని, చేతుల్లో వాటం తప్పి భయపడుతున్నాడని నేను అనుకున్నాను. పిరికితనాన్ని ఆరంభంలోనే తుంచాలని గురువుగా నా నమ్మకం.

"ఇప్పుడా దిగేది, పండగ వారం ఉందనగా? పండగ కానీ. ఆ తర్వాత దిగు. కావాలంటే జన్మలో మళ్లీ ఎక్కకు. అప్పటిదాకా మాత్రం దిగకు."

"దిగొద్దంటావా?"

"దిగొద్దు."

వాడు చొక్కా చేతులు కిందికి దించి, గుండీలు ఒకటొకటిగా పెట్టుకున్నాడు.

"సరే నాన్నా."

నేను వేరే గుర్రం మాట్లాడుతున్నానని వాడికి అర్థం కాలేదా? అర్థమై, సరిదిద్దే ఓపిక లేకపోయిందా? లేక ఎవరో ఒకరు ఔనంటే చాలునని ఆ తొమ్మిది రోజులూ ఎదురుచూసిన దాహం నా మాటను అందిపుచ్చుకున్నదా? పూజలో, నడకలో, అన్నం దగ్గర ఈ మూడు ప్రశ్నలు నా వెంట వస్తాయి. నాకిప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఈ మధ్య వాటికి వాడి గొంతు కూడా వచ్చింది.

సోమవారం బ్రెయిషో బూట్లు తెచ్చుకుంటానని వీగో వెళ్లాడు. శుక్రవారం తిరిగి వచ్చాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. తల్లి చేతి గంజిపులుసు రెండు గిన్నెలు తాగాడు. శనివారం తెల్లవారగానే ఊరు కొండెక్కింది. "మీరు నెమ్మదిగా రండి, నేను పైన ఊట దగ్గరుంటా," అని వాడు ముందుగా వెళ్లాడు.

పొగమంచు విడిచేసరికి గుర్రాలు కనిపించాయి. రెండు వందల పైచిలుకు. ఆడవాళ్లు, మగవాళ్లు చేతులు చాచి వలయంగా నిలబడి, హో హో అని కేకలు వేస్తూ వాటిని కిందికి దించుతున్నారు. నేల అదురుతున్నది. ఆ అదురులోంచి ఫిర్మీనో నాకెదురుగా నడిచి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఒదిలో, మీవాడు ఊట కాడ కూచున్నాడు. నిద్రపోతున్నాడనుకుని లేపా." నా మోచేయి పట్టుకున్నాడు. "నువ్వు రా. ఎర్మితాని కిందే ఉంచు."

వాడు రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి చొక్కా మడిచి ఉంది. కొత్త బూట్ల లేసులు చక్కగా ముడివేసి ఉన్నాయి. పెదవులు జూన్‌లో నా చేతులకంటిన మైలుతుత్తం రంగులో ఉన్నాయి. నేను పక్కన కూర్చుని చొక్కా చేయి దించి గుండీలు పెట్టాను. గుర్రాలు మా పక్కనుంచే దిగిపోయాయి.

తాలూకా ఆస్పత్రి డాక్టరు చిన్నవాడు, నా శిష్యుడే. "కొన్నాళ్లు మానేసిన ఒళ్లు మాస్టారూ. పాత మోతాదు తట్టుకోలేదు. మొదట్నుంచీ ఆపకుండా తీసుకుంటూ ఉన్నా ఈపాటికి బతికుండేవాడేమో, అసలు మళ్లీ ముట్టకుండా ఉంటే తప్పకుండా బతికేవాడు," అన్నాడు. దేని గురించి చెబుతున్నావని అడిగాను. చెప్పాడు. అప్పటికీ నా బుద్ధి ఆ మందునూ గుర్రమన్న మాటనూ కలపలేదు.

కలిపింది సబేలా. సమాధులదొడ్డి గోడ అవతలే నిలబడి, అందరూ వెళ్లిపోయాక వచ్చింది.

"మీరు నవ్వారు," అంది. "నేనొచ్చి చెప్తే మీరు నవ్వారు. పది పన్నెండు రోజులు మానేసినవాడు మళ్లీ మా దగ్గరికి వచ్చాడు మాస్టారూ! ఎందుకురా అంటే, మా నాన్న పండగ దాకా దిగొద్దన్నాడన్నాడు. జోకనుకున్నాం."

"ఏ గుర్రమమ్మా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తరువాత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "దేవుడా... మీకు నిజంగా తెలీదు!"

చెప్పింది. చెప్పి గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. ఏడుపు ఆగిన తరువాత నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఆంటీకి చెప్పొద్దు మాస్టారూ. నేనూ చెప్పను," అంది. ఆమె ఆ మాట నిలబెట్టుకుంది. మరుసటి ఏడు చలికాలంలో ఆమె కూడా పోయింది.

ఎర్మితాకు చెప్పకుండా నాలుగు నెలలు గడిపాను. ఆమె ఏమీ అడగలేదు. బ్రెయిషో గదిలో దుప్పటి మార్చేది. భోజనాల వేళ మెట్ల వైపు ఒకసారి తల తిప్పేది. నేను కూడా తిప్పేవాణ్ణి. ఇద్దరికీ ఒకేసారి ఏదో వినిపించేది. ఏమి విన్నావని ఒకరినొకరం అడిగేవాళ్లం కాదు. పాపసంకీర్తనంలో చర్చి గురువుకు చెప్పుకున్నాను. తెలియక చేసినది పాపం కాదని ఆయన అన్నారు. ఆ క్షమాపణ నాకు చాలలేదు. అది నాకు అందవలసిన చోటు వేరే ఉంది. ఆమెకు తెలిస్తే ఆ ఇంట్లో నాకు చోటుండదని భయం. చెప్పకపోతే, చోటుండి మాత్రం ఏమి?

నవంబరులో సకల ఆత్మల పండుగ వచ్చింది. ఆనాడు మా ఇళ్లలో పొయ్యి ఆర్పరు. చనిపోయినవారు చలి కాచుకోవడానికి వస్తారు. సాయంత్రపు గంట మోగింది. ఎర్మితా కట్టెలు ఎగదోసి, పొయ్యి పక్కన బల్ల తుడిచి, గిన్నెడు పాలు, చెస్ట్‌నట్ కాయలు పెట్టింది. ఆ బల్లకు ఎదురుగా నిలబడి చెప్పాను. అలంకారం లేకుండా, సబేలా రాక దగ్గరి నుంచి 'దిగొద్దు' అన్న మాట దాకా.

ఎర్మితా చేతిలో ఇంకా ఒక కట్టె ఉంది. దాన్ని పొయ్యిలో పెట్టింది.

"తెలుసు," అంది.

"ఏమి తెలుసు?"

"నువ్వన్నది విన్నాను. గడప మీదే ఉన్నాగా."

"నేను ఏ గుర్రం అనుకున్నానో నీకు..."

"నువ్వేమనుకున్నావో నాకేం తెలుసు ఒదిలో? వాడేమంటున్నాడో తెలుసు. ఆ మాటకి అర్థం ఏప్రిల్ నుంచే తెలుసు. సంతలో చేపలమ్మే మొదేస్తా చెప్పింది, వాళ్ల రెండోవాడు దాంతోనే పోయాడని. దాని పేరు గుర్రమని."

ఆమె వైపు తిరిగాను. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"తెలుసన్నావుగా నువ్వు! తెలియకేం, అన్నావు. చదువుకున్నవాడివి. దిగొద్దంటే ఏదో ఉపాయంతో అంటున్నావనుకున్నా. తిరగేసి చెప్పి వాణ్ణి దారికి తెస్తున్నావనుకున్నా." ఆమె ఏప్రన్ కొసతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "అయినా అడుగుదామనే లేచాను. దుంపల గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి అడుగుదామని."

"వచ్చావా?"

"వచ్చాను. మీరిద్దరూ ఇంకా ఆ బల్ల మీద భుజం భుజం ఆనించుకునే ఉన్నారు. అంతకుముందే అంత నవ్వు నవ్వారు గదా. వాడికి పదేళ్లప్పటి నుంచి మీరిద్దరూ కలిసి నవ్వింది నేను చూళ్లేదు." పాలగిన్నెను పొయ్యి దగ్గరికి జరిపింది. "దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు ఒదిలో. రేపు అడుగుదాంలే అనుకున్నా."

బయట ఎవరో నడిచినట్టయింది. ఇద్దరం తల తిప్పాం.

"వినిపించిందా నీకు?" అంది ఎర్మితా. నాలుగు నెలల్లో ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"వినిపించింది."

"నాకూ వినిపించింది."

ఆమె బల్ల మీద ఒక పక్కగా కూర్చుంది. నేను రెండో పక్క కూర్చున్నాను. మా ఇద్దరికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాం.

ఈ కథ విన్న తల్లులారా, తండ్రులారా, పిల్లలారా, ప్రభువు మీ గడపలను కాపాడుగాక. మీ పిల్లలు భోజనాల వేళకు ఇల్లు చేరుదురుగాక. వారు చెప్పబోయినది మీరు చివరిదాకా విందురుగాక. మీ ఇంట చనిపోయినవారికి వెచ్చదనము, బ్రతికినవారికి మాట కలుగుగాక. ఆమెన్.